అందరి తరఫున

ఆదివారం పొద్దున గడ్డం గీసుకుంటూ టెంపరరీ ఈల వేశాడు. అతను ఈల వేసి చాలా కాలమైంది. సాయంత్రం ఆఫీసరు గారింట్లో విందు ఉంది. ఆయనకు పెళ్ళై పాతికేళ్ళు నిండాయట. ఆ విందుకు పైసా ఖర్చు పెట్టకుండా, పరువుకు చిల్లు పడకుండా, తలెత్తుకుని వెళ్ళే ఏర్పాటు టెంపరరీ చేసుకున్నాడు. నెలాఖరులో జేబు పరిస్థితి తెలిసిన మనిషికి అంతకంటే ఆనందం ఏముంటుంది?

టెంపరరీ అనేది అతని అసలు పేరు కాదు. నీటి సరఫరా కార్యాలయంలోని ఫిర్యాదుల విభాగంలో చేరిన రోజున ఇది తాత్కాలిక ఉద్యోగం అన్నారు. ఏళ్ళు గడిచినా ఉద్యోగం తాత్కాలికంగానే ఉండిపోయింది, ఆ పిలుపు మాత్రం పర్మనెంటయింది. ఇప్పుడు పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. ఈ నెల దాటితే తాత్కాలిక పోస్టులన్నీ రద్దు. ఈలోగా ఆఫీసరు సంతకం పడితే అతను ఉంటాడు, లేకపోతే ఇంటికి పోతాడు. కాగితం ఆఫీసరు బల్ల మీదే ఉంది. "సోమవారం చూద్దాం" అన్నారాయన. సోమవారానికి ముందు వచ్చేది ఆదివారం, ఆదివారం నాడు విందు. కనుక ఆ విందుకు ఏం పట్టుకెళ్ళాలన్నది అతనికి చిన్న విషయం కాదు.

ఆహ్వానపత్రం మీద 'దయచేసి బహుమతులు తీసుకురావద్దు' అని అచ్చు వేయించారు. దాన్ని చదివి హెడ్ గుమస్తా కళ్ళజోడు తుడుచుకుని, "వద్దని పనిగట్టుకుని వేయించారంటే ధ్యాసంతా దాని మీదే ఉన్నట్టు" అని అర్థం చెప్పాడు. ఆయన మాటకు ఆ విభాగంలో తిరుగులేదు. దాంతో అందరికీ దిగులు పట్టుకుంది. చవక వస్తువు ఇస్తే ఇచ్చినవాడి పేరు జీవితాంతం గుర్తుంటుంది. ఖరీదైనది ఇస్తే వస్తువే గుర్తుంటుంది, ఇచ్చినవాణ్ణి మర్చిపోతారు. ఏమీ ఇవ్వకపోతే రెండూ గుర్తుంటాయి.

అప్పుడు టైపిస్టు అతన్ని గట్టున పడేసింది. విభాగంలో ఆమె అందరికీ అక్క. "అంత మథన పడతావేంటి తమ్ముడూ? అందరం కలిసి ఒకటే ఇచ్చేద్దాం. నేను చూస్తాలే" అంది. టెంపరరీ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. అందరి తరఫున ఇచ్చే బహుమతిలో గొప్ప సుగుణం ఒకటుంది. అందులో ఎవరి వాటా ఎంతో పైకి కనిపించదు. అసలు వాటా ఉందో లేదో కూడా కనిపించదు.

"ఏం కొన్నారో కనుక్కున్నారా?" అంది భార్య గుమ్మంలో నిలబడి, పంటితో దారం తెంపుతూ.

"అక్క చూస్తానంది."

"ఏం చూస్తుందట?"

"బహుమతి సంగతి."

"మీ ఆఫీసులో చూస్తానన్న పని ఎప్పుడైనా అయిందా?"

గడ్డం మీద కత్తి ఆగిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు అతనికి బాగా తెలుసు. ఫిర్యాదుల విభాగంలో నాలుగు బల్లలున్నాయి. ఊళ్ళో ఎవరి ఇంటికైనా నీళ్ళు రాకపోతే వాళ్ళు రాసిన కాగితం మొదట హెడ్ గుమస్తా బల్ల మీద పడుతుంది. ఆయన దాని కింద 'చూడగలరు' అని రాసి టైపిస్టు బల్ల మీద పెడతాడు. ఆమె 'చూడగలరు' అని టైపు చేసి రికార్డులు చూసే ఆయనకు పంపిస్తుంది. ఆయన దాన్ని చూసి, మడిచి, విప్పి, టెంపరరీకి ఇస్తాడు. తాత్కాలిక ఉద్యోగికి కాగితం మీద రాసే హక్కు లేదు, ముద్ర వేసే హక్కు మాత్రమే ఉంది. అతను 'పరిష్కరించబడింది' అన్న ముద్ర కొట్టి కాగితాన్ని మళ్ళీ హెడ్ గుమస్తా బల్ల మీద పెడతాడు. బయలుదేరిన చోటికే తిరిగొచ్చింది కాబట్టి పని అయిపోయినట్టు లెక్క. ఆ విభాగంలో పెండింగు అన్నమాటే లేదని పై ఆఫీసు నుంచి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. దాన్ని గోడకు తగిలించారు.

"ఆఫీసు పని వేరు, ఇది వేరు" అన్నాడు టెంపరరీ మళ్ళీ గీసుకుంటూ.

"మన చేతిలో కూడా ఏదో ఒకటి ఉంటే మంచిదండీ." ఆమె వెనక దాచుకున్న రెండు దిండు గలీబులు ముందుకు తీసి చూపించింది. నీలం గుడ్డ మీద పసుపు ఆకులు, అంచుకు కుచ్చులు. పక్కవీధి కర్టెన్ల షాపు వాళ్ళు తెచ్చిపడేసే గుడ్డల్ని ఆమె ఇంట్లో కుట్టి ఇస్తుంది. షాపువాడు కూలి తగ్గించి, మిగిలిన ముక్కలు నువ్వే ఉంచుకోమంటాడు. అలా మిగిలిన గుడ్డతో కుట్టినవి అవి.

గలీబులు నిజంగానే బాగున్నాయి. అతనికి ఒక్క క్షణం గర్వం కలిగింది, ఆ వెంటనే భయం పట్టుకుంది. "అందరూ కలిసి ఇస్తుంటే నేను విడిగా ఇంకొకటి ఇస్తే ఏమనుకుంటారు? సంతకం కోసం కాకా పడుతున్నాననుకోరూ? తీసి లోపల పెట్టు" అన్నాడు.

ఆమె అలాగేనని లోపల పెట్టింది. బీరువా లోపల పెట్టానని గానీ, తన సంచీ లోపల పెట్టానని గానీ చెప్పలేదు, అతనూ అడగలేదు.

సాయంత్రం ఇద్దరూ బస్సు దిగి ఆఫీసరు గారి వీధిలోకి తిరిగేసరికి, గేటు ముందు పెద్ద మడుగు కనిపించింది. పైపు ఎక్కడో పగిలి నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. పట్టుబట్టలు కట్టుకున్నవాళ్ళు, బూట్లు వేసుకున్నవాళ్ళు దాన్ని దూకి లోపలికి వెళుతున్నారు. నీటి సరఫరా ఆఫీసరు గారి ఇంటి ముందు నీళ్ళకు లోటు లేకపోవడం సహజమేనని టెంపరరీ అనుకున్నాడు.

మడుగుకు ఇవతల హెడ్ గుమస్తా, టైపిస్టు, రికార్డులాయన నిలబడి ఉన్నారు. రికార్డులాయనను అందరూ బాబాయి అంటారు. ముగ్గురి ముఖాలూ వెలిగిపోతున్నాయి. ముగ్గురి చేతులూ ఖాళీగా ఉన్నాయి.

"అమ్మయ్య, వచ్చావు. ఏదీ?" అన్నాడు హెడ్ గుమస్తా టెంపరరీ చేతుల వైపు చూసి, ఆ తర్వాత అతని వెనక్కి చూసి.

"ఏది సార్?"

"బహుమతి."

"అక్క చూస్తానందండీ" అన్నాడు టెంపరరీ.

"నేను బాబాయికి చెప్పాను కదా తమ్ముడూ. వాళ్ళింటి పక్కనే బజారు. చూద్దాంలే అన్నాడు."

"చూద్దామన్నానమ్మా, చూస్తానన్నానా?" అన్నాడు బాబాయి నొచ్చుకుంటూ. "పెద్దవాళ్ళు చూస్తే పద్ధతిగా ఉంటుందని ఆరోజే హెడ్డుగారి చెవిన వేశాను."

హెడ్ గుమస్తా కళ్ళజోడు తీశాడు. "నేను మొన్న మధ్యాహ్నం ఆఫీసులో భోజనాల దగ్గర టెంపరరీకి స్పష్టంగా చెప్పాను. ఆ సంగతి కాస్త చూడవయ్యా అన్నాను. చూస్తానండి అన్నావా లేదా?"

 ఆ మాట నిజమే. ఆయన ఆ మాట అన్నప్పుడు నెత్తిమీద ఫ్యాను కీచుమని అరుస్తోంది. అందుకే ఆ సాయంత్రం అతను స్టూలు ఎక్కి ఫ్యానుకు నూనె వేశాడు. "మీరు ఫ్యాను సంగతి అంటున్నారనుకున్నానండీ. చూశాను. ఇప్పుడు చప్పుడు రావడం లేదు" అన్నాడు.

 బహుమతి నాలుగు బల్లలూ తిరిగి బయలుదేరిన చోటికి చేరింది. ఆఫీసు లెక్కన పరిష్కారమైనట్టే. ముద్ర కొట్టడమే తరువాయి.

టెంపరరీ భార్య నోరు తెరవబోయింది. సరిగ్గా అప్పుడే ఒక సామాన్ల బండి వచ్చి గేటు పక్కన ఆగింది. అందులోంచి ఇద్దరు మనుషులు మెరిసే కాగితం చుట్టిన పెద్ద పెట్టెను దించారు. పైన ఎర్ర రిబ్బను ముడి ఉంది. "ఇక్కడే దించెయ్యమన్నారు. ఎవరైనా ఒకళ్ళు సంతకం పెట్టండి" అన్నాడు బండివాడు.

హెడ్ గుమస్తా పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. "పేరు లేదు" అన్నాడు.

"లేదు" అంది టైపిస్టు వెనకవైపు చూసి.

"పేరు లేని ఫిర్యాదు వస్తే అది ఎవరికి చెందుతుంది?" అని అడిగాడు హెడ్ గుమస్తా.

"విభాగానికండీ" అన్నాడు బాబాయి. అది రూలు.

"అదీ సంగతి. మనం దీన్ని లోపలికి మోసుకెళతాం. అడిగితే మేమే తెచ్చామంటాం. తెచ్చేది మనమే కదా, ఇందులో అబద్ధం ఏముంది? అసలువాళ్ళు వచ్చినప్పుడు చూద్దాం. టెంపరరీ, ఆ సంతకం సంగతి నువ్వు చూడు."

వద్దని చెప్పడానికి టెంపరరీ మాటలు వెతుక్కుంటుండగానే హెడ్ గుమస్తా ఒకవైపు, బాబాయి ఒకవైపు పట్టి పెట్టె లేపారు. టైపిస్టు ముందు నడుస్తూ జనాన్ని పక్కకు జరిపింది. టెంపరరీ బండివాడి దగ్గర సంతకం పెట్టాడు. బండివాడు వెళ్ళబోతూ ఆగి, గొంతు తగ్గించి, "అమ్మగారికి చెప్పండి సార్, ఆవిడ ఎంచుకున్న నీలం రంగు కుర్చీయే తెచ్చామని. సార్‌కి తెలియకూడదన్నారు, అందుకే గేటు దగ్గరే దించాం" అన్నాడు.

"ఏ అమ్మగారు?"

"ఈ ఇంటి అమ్మగారే. సార్‌కి ఆవిడ ఇస్తున్న బహుమతంట."

టెంపరరీ మడుగును దూకలేదు, దాంట్లోంచే పరిగెత్తాడు. తడిసిన బూట్లతో హాల్లోకి అడుగు పెట్టేసరికి ఆలస్యమైపోయింది. పెట్టె నడిమధ్యలో ఉంది. చుట్టూ చుట్టాలు, పొరుగువాళ్ళు, లెక్కల విభాగం వాళ్ళు మూగి ఉన్నారు. హెడ్ గుమస్తా గొంతు సవరించుకుని, "మా ఫిర్యాదుల విభాగం అందరి తరఫున, అందరం కలిసి, మేమే తెచ్చామండీ" అని ఒక్కొక్క ముక్కా ఒత్తి పలుకుతున్నాడు.

"హెడ్డుగారూ, ఒక్కమాట" అన్నాడు టెంపరరీ ఆయన చేయి లాగి.

"తర్వాత చూద్దాం."

ఆఫీసరు రిబ్బను విప్పాడు. కాగితం చించితే లోపలినుంచి ఊగే కుర్చీ బయటికొచ్చింది. మెత్తటి నీలం గుడ్డ, పాలిషు పెట్టిన చేతులు. హాలంతా మెచ్చుకుంది. లెక్కల విభాగం వాళ్ళు తాము తెచ్చిన పూలకుండీని కాళ్ళతో మెల్లగా బల్ల కిందికి తోశారు. "ఇంత ఖర్చు ఎందుకయ్యా మీకు?" అన్నాడు ఆఫీసరు. ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయింది.

ఆయన పక్కన ఆయన భార్య నిలబడి ఉంది. ఆవిడ కుర్చీని చూసింది. హెడ్ గుమస్తాను చూసింది. మళ్ళీ కుర్చీని చూసింది. టెంపరరీ ఆవిడ ముఖం తప్ప ఇంకేమీ చూడటం లేదు. ఆవిడకు కోపం రావలసిన చోట నవ్వు లాంటిది వచ్చింది. ఆ నవ్వు చూస్తే అతనికి కోపమే నయమనిపించింది.

"చాలా బాగుందండీ. ఎవరు ఎంచుకున్నారు?" అని అడిగింది ఆవిడ.

"మా టైపిస్టు చూసిందండీ" అన్నాడు హెడ్ గుమస్తా.

"బాబాయికి ఇలాంటివి బాగా తెలుసండీ, ఆయనే చూశాడు" అంది టైపిస్టు.

"పెద్దలు హెడ్డుగారు చూడందే మేం ఏదీ ముట్టుకోమండీ" అన్నాడు బాబాయి.

"అంటే అందరూ చూశారన్నమాట" అంది ఆవిడ. "ఏ షాపులో?"

ఆ ప్రశ్న కూడా ఒక చుట్టు తిరిగింది. టెంపరరీ దాకా వచ్చేలోపు ఎవరో కేకు కోద్దామన్నారు. అతని ప్రాణం లేచొచ్చింది. కానీ అదే సమయంలో భార్య అతని మోచేయి గిల్లింది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏవండీ, ఆ కిటికీల వైపు చూడండి."

అతను చూశాడు. హాలు కిటికీలన్నిటికీ నీలం కర్టెన్లు ఉన్నాయి. నీలం మీద పసుపు ఆకులు.

"నేను కుట్టినవేనండీ. ఎవరింటికో షాపువాడు చెప్పలేదు. ఆ గలీబులు ఈ గుడ్డవే."

"పోనీలే, అవి ఇంట్లోనే ఉన్నాయిగా."

ఆమె సంచీని గుండెకు హత్తుకుంది. అవెక్కడున్నాయో అతనికి అర్థమైంది. ఇద్దరూ గోడ పక్కనుంచి మెల్లగా గుమ్మం వైపు జరగడం మొదలుపెట్టారు. ఇంకో నాలుగడుగులు వేస్తే బయటపడేవాళ్ళే. అంతలో ఒక చేయి టెంపరరీ భుజం మీద పడింది. ఆఫీసరు అతన్ని, తన వెనకే వస్తున్న హెడ్ గుమస్తాను వంటింటి పక్క సందులోకి లాగాడు. టెంపరరీ భార్య కూడా వాళ్ళ వెంటే వెళ్ళింది.

"ఏదయ్యా?" అన్నాడు ఆయన గుసగుసగా.

"ఏది సార్?"

"మా ఆవిడకు నా తరఫున ఏదైనా చూడమని హెడ్డుగారికి ఎప్పుడో చెప్పాను. పొద్దున్నుంచీ ఆవిడ నా చేతులవైపే చూస్తోంది. పాతికేళ్ళయ్యా, పాతికేళ్ళు. ఖాళీ చేతులతో కేకు దగ్గర నిలబడితే మిగతా పాతికేళ్ళు నా గతేంటి?"

"టెంపరరీ చూస్తున్నాడండీ" అన్నాడు హెడ్ గుమస్తా ఏమాత్రం తడుముకోకుండా. "ఆ సంగతి కాస్త చూడమన్నానంటే రెండూ కలిపే కదా."

ఒక్క ఫ్యానుకు నూనె వేసినందుకు రెండు బహుమతులు తన మెడకు చుట్టుకున్నాయని టెంపరరీకి అప్పుడర్థమైంది. ఆఫీసరు అతని కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో సోమవారం ఉంది, సంతకం ఉంది, నెలాఖరు ఉంది. అతను భార్య వైపు తిరిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను చేయి చాచాడు. ఆమె ఇంకా గట్టిగా అడ్డంగా ఊపుతూనే సంచీలో చేయి పెట్టి గలీబులు తీసింది. కాపురమంటే అదే కాబోలు.

ఆఫీసరు వాటిని చూడనైనా చూడకుండా పట్టుకుని పరిగెత్తాడు.

"ఇదిగో, నా తరఫున" అన్నాడు కేకు దగ్గర, అందరికీ వినిపించేలా. "ఎన్నో షాపులు తిరిగి, స్వయంగా వెతికి తెచ్చాను."

ఆవిడ గలీబులు విప్పింది. ఒకదాన్ని కుర్చీ మీద పెట్టింది, దాని రంగుకు సరిగ్గా సరిపోయింది. రెండోదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కర్టెన్ పక్కన పట్టుకుంది. అది కర్టెన్‌లో కలిసిపోయి కనిపించకుండా పోయింది. చుట్టాలంతా అబ్బురపడ్డారు. మొగుడన్నవాడు ఇంటి కర్టెన్ల రంగు గుర్తుపెట్టుకోవడం ఎక్కడా చూడలేదని ఒక పెద్దావిడ కళ్ళు ఒత్తుకుంది. నలుగురు భార్యలు తమ భర్తల వైపు తిరిగి చూశారు.

"ఏ షాపులో దొరికాయండీ?" అంది ఆవిడ.

"అదీ... హెడ్డుగారు చూశారు" అన్నాడు ఆఫీసరు.

హెడ్ గుమస్తా టైపిస్టును చూశాడు. టైపిస్టు బాబాయిని చూసింది. బాబాయి టెంపరరీని చూశాడు. ఈసారి కేకు అడ్డం రాలేదు.

"చెప్పండి, నాకు తెలియాలి" అంది ఆవిడ. ఇప్పుడు ఆవిడ ముఖంలో నవ్వు లేదు. "ఇది నా కర్టెన్ల గుడ్డ. నేను దగ్గరుండి నేయించుకున్నది, బయట దొరకదు. ఒక్క ముక్క కూడా మిగల్లేదన్నాడు షాపువాడు. అంటే కుట్టిన మనిషి కాజేసి బయట అమ్ముకుంటోందన్నమాట. రేపు పొద్దున్నే వెళ్ళి ఆ మనిషికి ఇంకెప్పుడూ పని ఇవ్వకుండా చేస్తాను."

 టెంపరరీ భార్య తల దించుకుని ఖాళీ సంచీని మడతపెట్టింది, మళ్ళీ విప్పింది. కళ్ళు మసకబారేదాకా రాత్రీ పగలూ కుట్టే మనిషి ఆమె. ఇంతమంది మధ్యలో దొంగ అనిపించుకుంది, అదీ తనవల్ల అనుకున్నాడు టెంపరరీ. అతనికి సోమవారం గుర్తుంది, సంతకం గుర్తుంది. అయినా ఒక అడుగు ముందుకు వేశాడు. చుట్టూ చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు, అతను చూడటానికి మాత్రం ఎవరూ మిగల్లేదు. అతని తర్వాత బల్ల లేదు.

"ఆ గలీబులు మా ఆవిడ కుట్టినవి మేడమ్" అన్నాడు. "మిగిలిన ముక్కలు కూలిలో కలిసిపోయాయని షాపువాడే ఇచ్చాడు. అవి మీవని ఈ హాల్లోకి వచ్చేదాకా తనకు తెలియదు. వద్దంటున్నా వినకుండా సార్‌కు ఇచ్చింది నేను."

"టెంపరరీ" అన్నాడు హెడ్ గుమస్తా హెచ్చరికగా.

అయితే మొదలుపెట్టిన తర్వాత అతనికి ఆపడం చేతకాలేదు. "ఆ కుర్చీ కూడా మీదే మేడమ్. మీరు సార్ కోసం కొన్నారు. మేం గేటు దగ్గర్నుంచి మోసుకొచ్చామంతే. అడిగిన నీలం రంగే తెచ్చామని బండివాడు చెప్పమన్నాడు. మేమెవరమూ ఏమీ తేలేదు. బయట ఆ మడుగు గురించి మీరు ఫిర్యాదు రాసి ఉంటే, దాని మీద పరిష్కరించబడింది అని ముద్ర కొట్టింది కూడా నేనే. చదవకుండా కొట్టాను."

 హెడ్ గుమస్తా ఇంటి కప్పును పరీక్షగా చూస్తున్నాడు. ఆఫీసరు ముఖం నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టుంది. లెక్కల విభాగం వాళ్ళు పూలకుండీని కాళ్ళతోనే మళ్ళీ బల్ల కింద నుంచి ముందుకు లాక్కున్నారు.

ఆవిడ నీలం కుర్చీలో కూర్చుంది. వీపు వెనక గలీబును సర్దుకుని, ఒకసారి ఊగి చూసుకుంది.

"మూడుసార్లు రాశాను ఆ మడుగు గురించి" అంది. "మూడుసార్లూ ముద్ర పడి వచ్చింది. ఆయన్ని అడిగితే చూస్తున్నారంటారు. ఇరవై అయిదేళ్ళుగా ఈ ఆఫీసుతోనే నా కాపురం. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పిన మనిషిని ఇవాళే చూశాను." తర్వాత భర్త వైపు తిరిగింది. "బహుమతులు వద్దని ఎందుకు వేయించానో ఇప్పుడైనా తెలిసిందా? ఇతన్ని టెంపరరీ అంటున్నారేమిటి?"

"ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ కాగితం హెడ్డుగారు..." అని ఆఫీసరు మొదలుపెట్టాడు.

"మీ బల్ల మీదే ఉందండీ" అన్నాడు హెడ్ గుమస్తా. ఆయన ఉద్యోగ జీవితంలో అదే మొదటి సూటి జవాబు.

"రేపు మధ్యాహ్నం మీరు భోజనానికొచ్చినప్పుడు ఒకటే అడుగుతాను" అంది ఆవిడ భర్తతో. "సంతకం అయిందా లేదా అని. చూస్తున్నానంటే భోజనం సంగతి కూడా చూద్దాం." ఆ పైన టెంపరరీ భార్యను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. దొంగ అన్నందుకు ఏమనుకోవద్దని చేయి పట్టుకుంది. షాపువాడి సంగతి తాను తేలుస్తానని, పడగ్గది కర్టెన్లు నేరుగా ఆమెకే ఇస్తానని చెప్పింది.

తిరుగు బస్సులో టెంపరరీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. బూట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. "ఏవండీ" అంది భార్య చాలాసేపటికి. "మీరు అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు."  ఆమె అతని భుజం మీద తల ఆనించింది. అతనికి ఎంతో సంతోషంగా ఉంది, కొంచెం భయంగానూ ఉంది.

సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళకు ముందే సంతకం పడింది. టైపిస్టు ఉత్తర్వును ఒక్క తప్పు లేకుండా కొట్టింది. బాబాయి దాన్ని మడవకుండా దాచాడు. హెడ్ గుమస్తా అతని వీపు తట్టి, ఆదివారం నాడు విభాగం అందరి తరఫున నిజం చెప్పినందుకు మెచ్చుకున్నాడు. ముద్ర, దాని సిరా మెత్త ఆయన స్వయంగా బీరువాలో పెట్టి తాళం వేశాడు. పర్మనెంటు ఉద్యోగి ముద్రలు కొట్టకూడదు, రాయాలి. అతనికి ఆఫీసు తరఫున కొత్త కలం ఒకటి ఇచ్చారు.

కొత్త హోదాలో అతని చేతికి అందిన మొదటి కాగితం ఆఫీసరు గారి భార్య రాసినదే. ఇంటి గేటు ముందు పైపు పగిలి నీళ్ళు నిలుస్తున్నాయని నాలుగోసారి రాసింది. ఈసారి దాన్ని ప్రత్యేకంగా అతని పేరుకే పంపించింది. ఆ చేతిరాత చూడగానే అతనికి నీలం కుర్చీ, ఆవిడ చూపు, తన గొంతు పెగిలిన క్షణం అన్నీ గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ ఉద్యోగం ఆవిడ పెట్టిన భిక్ష అనుకున్నాడు. కాగితాన్ని శ్రద్ధగా మొదటినుంచి చివరిదాకా చదివి, కొత్త కలం మూత తీసి, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో 'చూడగలరు' అని రాసి పక్క బల్ల మీద పెట్టాడు.